అర్హత నడుగని హక్కు

'హక్కు' అను పదము సంస్కృతము కాదు, అచ్చతెలుగును కాదు. అది అరబ్బీ భాషలో పుట్టి, పారశీకము ద్వారమున కచేరీలలోనికి, కచేరీలనుండి కరణముల దస్తరములలోనికి, అందుండి జనుల నోళ్ళలోనికి వచ్చినది. మూలభాషయందు దానికి సత్యమనియు, న్యాయముగా చెందవలసినదనియు అర్థములు. పొలముపై హక్కు, దారి హక్కు, నీటి హక్కు అని గ్రామములయందు వాడుక. హిందీవారు దానికి బదులుగా సంస్కృతపదమును గ్రహించి 'మానవాధికారము' అనిరి. పైకి చూచిన రెండును ఒక్కటియే. కాని శాస్త్రము చదివినవానికి ఈ రెండు పదముల నడుమ నొక అగడ్త కనబడును. దానిని దాటుటకు లోకమునకు ఎన్నియో శతాబ్దములు పట్టినవి. 1948లో పారిస్ నగరమున దానిపై వంతెన యొకటి వేయబడినది. ఆ వంతెన దేనిపై నిలిచియున్నదను ప్రశ్న మాత్రము నేటికిని తీరలేదు.

అధికారమనగా నేమి? జైమిని మహర్షి పూర్వమీమాంసా సూత్రములలో ఆఱవ అధ్యాయము ఈ విచారమునకే ఏర్పడినది. యజ్ఞము చేయుటకు తగినవాడెవడు? ఫలమును కోరువాడు కావలెను, చేయ సమర్థుడు కావలెను, విద్య కలవాడు కావలెను, శాస్త్రముచే నిషేధింపబడనివాడు కావలెను. ఇట్లు అర్హతలను నిర్ణయించి, పిమ్మట ఒక్కొక్కరిని ద్వారముకడ నిలిపి విచారించుట అందలి పద్ధతి. పశువులకు కలదా? దేవతలకు కలదా? స్త్రీకి కలదా? ధనహీనునికి కలదా? స్త్రీకి లేదని ఐతిశాయనుడు వాదింపగా, జైమిని దానిని త్రోసిపుచ్చి దంపతులిరువురకును కలదని స్థాపించెను. నేడు ధనము లేనివాడు రేపు సంపాదింపవచ్చును గాన పేదవానికి అధికారము పోదనెను. తీరని అంగవైకల్యము కలవానికి మాత్రము లేదనెను. నాలుగు వర్ణములకును కలదని బాదరి యను ఆచార్యుడు పలికెను గాని ఆయన మతము పూర్వపక్షముగనే మిగిలిపోయినది. అయినను నిషాదస్థపతికి ఒక యిష్టి శ్రుతిబలముచే దక్కినది. ఇందలి చర్చ పాఠశాలా విద్యార్థులకు మిక్కిలి ప్రీతిపాత్రము. నిషాదులకు స్థపతి యని షష్ఠీతత్పురుషముగా చెప్పినచో స్థపతి పైవర్ణమువాడు కావచ్చును, నిషాదునికి చోటులేదు. నిషాదుడే యైన స్థపతి యని కర్మధారయముగా చెప్పినచో నిషాదుడే యజమానుడు. లాఘవమును బట్టి కర్మధారయమే సిద్ధాంతమైనది. ఒక సమాసమునకు విగ్రహము చెప్పిన తీరును బట్టి ఒక మనుష్యునికి ద్వారము తెరచుకొన్నది.

ఈ విచారమును నిందింపవలసిన పనిలేదు. ఒక కర్మకు అర్హత అడుగుట తప్పుకాదు. చికిత్స చేయువానికి వైద్యవిద్య యుండవలెను గదా. కాని అర్హతయే అధికారమునకు ప్రాణము. అర్హత తొలగిన అధికారము తొలగును. నేడు లోకము మానవ హక్కు అని చెప్పుచున్నది ఇట్టిది కాదు. దొంగను చెరలో నుంచవచ్చును, హింసింపరాదు. శత్రుసైనికుని పట్టుకొనవచ్చును, పట్టుకొన్న పిదప చంపరాదు. తనపై నేరము మోపబడినవానికి, వాడెంత చెడ్డవాడైనను, తన మాట చెప్పుకొను అవకాశము నీయవలెను. వాడు ఏమి చేసి దీనిని సంపాదించెను? ఏమియు చేయలేదు, పుట్టినాడు, అంతియే. సంపాదించినది కాదు గనుక పోగొట్టుకొనుటకును వీలులేదు.

ఈ భావము ప్రాచీనులకు పూర్తిగా తెలియదనుట సరికాదు. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి కొండబండలపై అశోకుని శాసనములు నేటికిని ఉన్నవి. వానిలో పండ్రెండవది తన మతమును పొగడుటకై పరమతమును తూలనాడరాదని బోధించుచున్నది. కళింగదేశమున ధౌళి, జౌగడలయందలి శాసనములలో ఆ రాజు ప్రజలందఱు తన బిడ్డలని చెప్పి, నిష్కారణముగ నెవ్వరిని బంధింపరాదని, బాధింపరాదని నగరాధికారులను హెచ్చరించెను. ఎంతటి మాట! కాని ఆ కరుణ రాజుది. రాజు మారిన కరుణయు మారవచ్చును. చెరలోనున్నవాడు ఇది నాకు చెందవలసినదని నిలిచి అడుగుటకు ఆ శాసనము దారి చూపలేదు. ఈ విషయమున ధర్మసూత్రములు ఒక మెట్టు పైకి వెళ్ళినవి. దొంగిలింపబడిన సొత్తును రాజు వెదకి స్వామికి ఈయవలెనని, దొరకనిచో తన కోశమునుండి ఈయవలెనని గౌతముడు విధించెను. మనువు అట్టి సొత్తును అన్ని వర్ణములవారికిని ఈయవలెననెను. పన్ను తీసికొనువాడు రక్షణకు బద్ధుడు, రక్షింపలేనిచో అప్పుపడినవాడు. సొత్తు పోయినవాని గుణగణములు ఇచ్చట విచారింపబడలేదు. హక్కు అను పదము లేకున్నను హక్కు బీజము ఇచ్చట కలదు. ఆ బీజము సొత్తు విషయమున మొలకెత్తి, మనుష్యుని గౌరవము విషయమున ఏల ఎదుగలేదో పండితులు ఆలోచింపవలసియున్నది.

ఐరోపా చరిత్రయు ఇంతకంటె నిర్మలము కాదు. ఇంగ్లండు రాజు జాన్ 1215లో వ్రాసియిచ్చిన పత్రము ప్రధానముగా సామంతుల మేలునకే. 1789లో ఫ్రాన్సు విప్లవకారులు 17 అంశములతో మనుష్యుని హక్కులను ప్రకటించిరి. లోకమంతయు ఆ ప్రకటనకు చేతులు మోడ్చినది. కాని అందలి 'మనుష్యుడు' పురుషుడే. స్త్రీకిని అవే హక్కులు కలవని 1791లో ప్రతిప్రకటన వ్రాసిన ఒలింప్ ద గూజ్ అను వనిత 1793లో శిరచ్ఛేదమునకు గురియైనది. ఫ్రాన్సు ద్వీపములలోని బానిసలకు 1794లో విముక్తి ప్రకటింపబడెను. 1802లో నెపోలియన్ దానిని రద్దు చేసెను. మరల 1848 వఱకు వారు వేచియుండవలసి వచ్చెను. అందఱికిని అని వ్రాసిన చేయియే ద్వారముకడ నిలిచి, నీవెవడవని అడిగినది. అచ్చటను జరిగినది అధికారవిచారమే.

1833లో బ్రిటిషు పార్లమెంటు తన సామ్రాజ్యమునందు చాలవఱకు బానిసత్వమును తొలగించుచు చట్టము చేసెను. అందులో నష్టపరిహారముగా రెండు కోట్ల పౌనులు కేటాయింపబడినవి. ఆ ధనము చెందినది యజమానులకు. తరతరములుగా వెట్టిచాకిరి చేసినవారికి ఒక్క కాసు ముట్టలేదు. చెఱకు తోటలకు కూలీల కొఱత ఏర్పడగా, ఓడలు భారతదేశపు రేవులకు మరలినవి. గోదావరీ ముఖమునందలి కోరంగి రేవునుండి తెలుగు కుటుంబములు మారిషసునకు వెళ్ళినవి. అచ్చట తెలుగువారికి ఆ రేవు పేరే వాడుకయైనది. 1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ మద్రాసునుండి బయలుదేరి దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరెను. అందులో తమిళులతో పాటు తెలుగువారును ఉండిరి. ఐదేండ్ల ఒడంబడిక కాగితముపై వ్రేలిముద్ర వేసి, రామభజనను తోడు తీసికొని సముద్రము దాటిన ఆ జనుల సంతతి పేరు, ఎనుబది ఆఱు సంవత్సరముల పిదప, ప్రపంచ రాజ్యములన్నియు కూర్చున్న సభలో వినబడెను. మానవ హక్కుల చరిత్రలో తెలుగువారికి గల సంబంధము ఇది. ఇది కీర్తిసంబంధము కాదు, కష్టసంబంధము.

ఆ సభ యెట్లేర్పడినదో కొంత చెప్పవలెను. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిదప 1919లో నానాజాతి సమితి నియమావళిలో జాతుల సమానత్వమును చేర్చవలెనని జపాను కోరెను. పదునేడు ఓట్లలో పదునొకండు అనుకూలముగ వచ్చినను, ఏకాభిప్రాయము లేదని అధ్యక్షపీఠముననున్న అమెరికా అధ్యక్షుడు విల్సన్ దానిని త్రోసిపుచ్చెను. రెండవ యుద్ధమున హిట్లరు ప్రభుత్వము తన చట్టముల చాటుననే లక్షలకొలది యూదులను చంపించిన సంగతి బయటపడిన తరువాతగాని లోకమునకు మెలకువ రాలేదు. ఒక రాజ్యము తన ప్రజలను ఏమి చేసినను ఇతరులకు పనిలేదను సిద్ధాంతము ఎక్కడికి దారితీయునో అప్పుడు తెలిసినది. 1945 జూన్ 26న శాన్ ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్యసమితి శాసనపత్రముపై సంతకములు జరిగెను. దాని పీఠికలో మౌలిక మానవ హక్కుల ప్రస్తావన కలదు. ఆ పీఠికా రచనకు పూనుకొన్నవారిలో ముఖ్యుడు దక్షిణాఫ్రికా ప్రధాని స్మట్స్. మఱుసటి సంవత్సరమే, ఆయన దేశమున భారతీయులు భూమి కొనరాదని, ఫలానాచోట నివసింపరాదని చేసిన చట్టమును గూర్చి భారతదేశము ఆ సమితిలోనే ఫిర్యాదు చేసెను. భారత ప్రతినిధివర్గ నాయకురాలు విజయలక్ష్మీ పండిట్. ఇది తమ ఇంటి వ్యవహారమని స్మట్స్ వాదించెను. 1946 డిసెంబరు 8న 32 దేశములు భారతపక్షమునను, 15 ప్రతిపక్షమునను నిలువగా, 7 తటస్థముగ నుండెను. మూడింట రెండువంతుల మద్దతుతో తీర్మానము నెగ్గెను. తాను వ్రాసిన మాటయే తన్ను బంధించునని వ్రాయునాడు స్మట్స్ ఎఱుగడు కాబోలు.

1947 జనవరిలో అమెరికాలోని లేక్ సక్సెస్ అను చోట మానవ హక్కుల సంఘము తొలిసారి సమావేశమైనది. అధ్యక్షురాలు ఎలినార్ రూజ్వెల్ట్. చైనా ప్రతినిధి పెంగ్ చున్ చాంగ్, లెబనాను ప్రతినిధి చార్లెస్ మాలిక్, ఫ్రాన్సుకు చెందిన రెనే కాసిన్ అందు ముఖ్యులు. తొలి చిత్తుప్రతిని సిద్ధపరచినవాడు కెనడా న్యాయశాస్త్రవేత్త జాన్ హంఫ్రీ. భారతదేశమునుండి వెళ్ళినది హంసా మెహతా. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి రాజ్యాంగసభలో భారతస్త్రీల పక్షమున జాతీయపతాకమును సమర్పించిన వనిత ఆమెయే. చిత్తుప్రతిలో 'పురుషులు' అనియు 'మనుష్యులు' అనియు అర్థమిచ్చు ఆంగ్లపదమొకటి ఉండెను. ఆ పదము అందఱికి వర్తించునని మిగిలినవారు భావించిరి. హంసా మెహతా సమ్మతింపలేదు. ఆ పదమును చూపి స్త్రీని వెలుపల నిలుపు రాజ్యములు కలవని ఆమె పట్టుపట్టగా 'మానవులందఱు' అని మార్చిరి. 1789లో గూజ్ వంటి వనితలను వెలుపల నుంచినది ఈ ఒక్క పదమే గదా. నిషాదస్థపతి కథయందువలెనే ఇచ్చటను పదవిచారమే ద్వారమును తెరచినది. అదే మొదటి అధికరణములో 'సోదరభావము' అను మాట మాత్రము మిగిలిపోయినది. అక్కచెల్లెండ్రకు అందులో చోటు ఊహించుకొనవలసినదే.

చాంగ్ మహాశయుడు కన్ఫ్యూషియస్ సంప్రదాయమున పండితుడు. బుద్ధి యొక్కటియే మనుష్యలక్షణమనుట చాలదని, చైనాభాషలోని 'రెన్' అను గుణమును చేర్చవలెనని ఆయన కోరెను. ఆ అక్షరము మనుష్యుని గుర్తును, రెండు అను అంకెను కూర్చినది. ఎదుట మఱియొక మనుష్యుడున్నాడను ఎఱుక దాని తాత్పర్యము. ఐరోపా భాషలలో దానికి సరియైన పదము దొరకక 'అంతరాత్మ' వంటి పదమొకటి చేర్చిరి. మూలమునందున్న రెండవ మనుష్యుడు అనువాదమున జాఱిపోయినాడు.

ఇంతకును మనుష్యునికి ఈ గౌరవము ఎక్కడినుండి వచ్చినది? అసలైన తగవు ఇచ్చటనే. భగవంతుడు తన రూపమున మానవుని సృజించెను గనుక అని వ్రాయవలెనని బ్రెజిలు ప్రతినిధి కోరెను. ప్రకృతిసిద్ధముగ అని చిత్తుప్రతిలోనే ఉండెను. సోవియట్ పక్షమువారికి భగవంతుడు పనికిరాడు. భిన్నవిశ్వాసములవారు చేయు ప్రకటనలో ఒకరి వేదాంతమును చొప్పింపరాదని చాంగ్ వాదించెను. 1948 శరత్తున పారిస్ నగరమున ఎనుబదికి పైగా సమావేశములు జరిగెను. తుదకు భగవంతుడును ప్రకృతియు రెండును విడువబడినవి. హక్కుల పట్టికపై అందఱము ఏకీభవింతుము, కారణ మడుగరాదను నియమముపై మాత్రమే, అని ఆ కాలపు చర్చలను గూర్చి ఫ్రెంచి తత్త్వవేత్త జాక్ మారిటేన్ చెప్పినట్లు ప్రసిద్ధి. 1948 డిసెంబరు 10 రాత్రి ప్రకటన ఆమోదింపబడెను. 48 దేశములు అంగీకరించినవి, ఒక్కటియు కాదనలేదు, 8 తటస్థముగ నుండెను. ఆ ఎనిమిదింటిలో దక్షిణాఫ్రికా యొకటి.

హేతువు చెప్పని ప్రతిజ్ఞను నైయాయికుడు అంగీకరింపడు. దీనికి సమాధానము ఏమి? సమాధానములలో ఒకటి మహాత్మా గాంధీ 1947 మేలో యునెస్కో అధిపతి జూలియన్ హక్స్లీకి వ్రాసిన జాబులో కలదు. హక్కులను గూర్చి లోకమందలి ఆలోచనాపరులను యునెస్కో ప్రశ్నింపగా, చక్కగ నిర్వర్తించిన కర్తవ్యమునుండియే హక్కులు పుట్టునని చదువురాని తన తల్లివలన నేర్చుకొంటినని ఆయన తెలిపెను. ధర్మశాస్త్రము చదివినవారికి ఈ మాట ఎంతయు ఇంపు. కాని దీనిని పట్టుకొని, ముందు నీ ధర్మము నీవు చేయుము, పిమ్మట హక్కు అడుగుము అని బలవంతుడు బలహీనునితో చెప్పుచుండుట లోకమున కనబడుచున్నది. అప్పుడు హక్కు మరల అధికారమగును, ద్వారముకడ విచారణ మరల మొదలగును. పసిబిడ్డ ఏ కర్తవ్యమును నిర్వర్తించి పాలను సంపాదించెను? గాంధీ తన యౌవనమున నటాలులో ఆ ఒడంబడిక కూలీలలో బాలసుందరము అను వానిని యజమాని కొట్టగా, వాడు గాయములతో తన కచేరీకి వచ్చినపుడు, నీవు నీ పని సరిగ చేసితివా యని అడుగలేదు. ఆ యజమానినుండి విడిపించెను. తల్లి నేర్పిన కర్తవ్యము ఆయన తనకు వర్తింపజేసికొన్నది, ఎదుటివానికి కాదు. ధర్మము ముందు, హక్కు పిదప అనునది నిజమే. కాని ఆ ధర్మము బలము కలవానిది, ఆ హక్కు బలము లేనివానిది. ఒక్క మనుష్యునియందే రెంటిని పెట్టి తూచుటచేత పొరపాటు కలుగుచున్నది. గౌతముడు రాజకోశమునుండి ఈయవలెనన్నపుడు చెప్పినది ఇదియే. చాంగ్ చెప్పబోయిన రెండవ మనుష్యుడును ఇతడే.

శ్రీవైష్ణవ గృహస్థులకు అర్హత నడుగని వ్యవహారము క్రొత్తది కాదు. వేదాంతమున బ్రహ్మవిద్యకు సైతము అధికారవిచారము కలదు, అందు కొందఱు వెలుపల నిలుపబడిరి. ప్రపత్తికి మాత్రము దేశకాలనియమము లేదు, అధికారినియమము లేదని పిళ్ళై లోకాచార్యులు శ్రీవచనభూషణమున స్పష్టముగ తెలిపిరి. విభీషణుడు సముద్రతీరమునకు వచ్చినపుడు సుగ్రీవుడు అడిగినవన్నియు అర్హతను గూర్చిన ప్రశ్నలే. శ్రీరాముడు వానికి ఉత్తరము చెప్పుచు కూర్చుండలేదు. తనకు గల వ్రతమును చెప్పెను.

అయినను దీనిని చూపి మానవ హక్కులన్నియు మున్నే ఈ గ్రంథములలో నున్నవని చాటుట సత్యమునకు దూరము. మోక్షమునకు అందఱిని పిలిచిన సంప్రదాయమును అనుసరించినవారే ఊరిబావికడ కొందఱిని ఆపిరి. శరణాగతిని బోధించు గోపురముల క్రింద కొందఱు శతాబ్దములపాటు వెలుపలనే నిలిచి, శిఖరమునకు నమస్కరించి వెడలిపోయిరి. తిరుపతితో సహా ఆంధ్ర జిల్లాలు చేరియున్న మద్రాసు రాష్ట్రమున ఆలయప్రవేశ చట్టము వచ్చినది 1947లో. అంటరానితనమును నిషేధించు పదునేడవ అధికరణముతో భారత రాజ్యాంగము అమలులోనికి వచ్చినది 1950లో. ఆచార్యుల మాటతో తెరచుకొనవలసిన తలుపు చట్టముతో తెరచుకొన్నది. ఇది సిగ్గుపడవలసిన విషయము, దాచవలసినది కాదు.

1948 నాటి ప్రకటన ప్రకటనయే గాని చట్టము కాదు. దానికి బలమిచ్చు రెండు ఒడంబడికలు 1966లో ఆమోదింపబడి, 1976లో అమలులోనికి వచ్చెను. భారతదేశము 1979లో వానిలో చేరెను. 1993లో మానవ హక్కుల పరిరక్షణ చట్టము చేసి జాతీయ సంఘమును ఏర్పఱచుకొన్నది. సంతకము చేసిన రాజ్యములే చెరసాలలలో హింసించుట, యుద్ధములలో పసివారిని చంపుట నేటికిని ఆగలేదు. అందుచేత ఈ ప్రకటన వట్టి కాగితమని పెదవి విఱుచువారున్నారు. కాని కాగితము లేనినాడు పీడితుడు దయ కోరెడివాడు. ఉన్ననాడు లెక్క అడుగుచున్నాడు. అడిగినంతనే దొరకదు. దక్షిణాఫ్రికాయందు భారతీయులును, వారికంటె అనేక రెట్లు ఎక్కువ కష్టము పడిన ఆ దేశపు నల్లజాతివారును 1948 తరువాత మఱింత క్రూరమైన చట్టముల క్రింద నలిగిరి. ఆ పోరాటమున పడిన ప్రాణములు అనేకములు. 1994 ఏప్రిల్ 27న ఆ దేశమున జాతిభేదము లేక అందఱును ఓటువేయు ఎన్నికలు తొలిసారి జరిగెను. డర్బన్ పరిసరములలో ఆనాడు బారులు తీరి నిలిచినవారిలో, 1860లో ఓడ దిగిన తెలుగువారి మునిమనుమలు, మునిమనుమరాండ్రు జూలూ జాతివారి ప్రక్కనే నిలిచి తమ వంతునకై వేచియుండిరి.